మామగారికి నచ్చని పగ

మ్యాట్నీ వదిలారు. బయట వాన. సినిమా హాలు వసారాలో ఇద్దరు నిలబడ్డారు: రిటైరైన డిటెక్టివ్ ఒకరు, ఇప్పుడే ఆడిన సినిమాకి కథ రాసిన ఆయన అల్లుడు ఒకడు.

“కుర్చీలు బాగున్నాయి.”

“కుర్చీలు కాదు మామయ్యా, సినిమా ఎలా ఉంది?”

“అదే చెప్తున్నా. మెత్తగా ఉన్నాయి. నడుం నొప్పి తెలీలేదు.”

“మామయ్యా!”

“ఏసీ కూడా...”

“నిజం చెప్పండి. నేనేం అనుకోను.”

“అనుకోవుగా?”

“అస్సలు అనుకోను.”

“బాలేదు.”

“... అంటే, ఎక్కడ బాలేదు?”

“చూశావా, అనుకున్నావు.”

“లేదు లేదు, చెప్పండి. ఫస్టాఫా, సెకండాఫా?”

“మధ్యలో పాప్‌కార్న్ బాగుంది.”

“మూడేళ్ళు కూర్చుని రాశాను మామయ్యా. అందులో డిటెక్టివ్ ఎవరనుకున్నారు? మీరే. మిమ్మల్ని చూసే రాశాను.”

“నన్ను చూసా? ఆయన మూడు మేడలు దూకాడు నాయనా. నేను ఈ నాలుగు మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకోవాలి.”

“అది సినిమా కదండీ.”

“పైగా రిటైరైన మర్నాడే పగ తీర్చుకుంటానని సొరుగులోంచి తుపాకీ తీస్తాడు. మాకెక్కడిదయ్యా తుపాకీ? పొద్దున సన్మానం చేశారు, సాయంత్రానికి తుపాకీ, కార్డు, ఆఖరికి ఆ సొరుగు తాళంచెవి కూడా లాక్కున్నారు.”

“సరే, సస్పెన్సు? హంతకుడు డాక్టరని ఎప్పుడు కనిపెట్టారు?”

“లోపలికెళ్తుంటేనే.”

“పేర్లు పడకముందేనా! అదీ అనుభవమంటే!”

“అనుభవమూ లేదు, పాడూ లేదు. టికెట్లు చింపేవాడు చెప్పాడు.”

“వాడా! వాడికేం పోయేకాలం?”

“‘డాక్టరే సార్, ముందే తెలిస్తే ఇంటర్వెల్‌కే ఇంటికెళ్ళిపోవచ్చు’ అన్నాడు. మంచివాడు, పాపం.”

“జనం... జనం కాస్త పల్చగా ఉన్నారు కదూ?”

“మనతో కలిపి పదకొండు. అందులో ఇద్దరు వానకి దూరారు. ఒకాయన గురక పెట్టాడు.”

“నవ్వకండి మామయ్యా. నిర్మాత ఇంకొక్క కథ తెమ్మన్నాడు. అదీ తన్నేస్తే గుమ్మం ఎక్కనివ్వడు. మీ అమ్మాయి అప్పుడే వాళ్ళ స్కూల్లో గుమాస్తా పని చూసిపెట్టింది నాకు.”

“అదా సంగతి! ముందే చెప్పొద్దూ? మొహం అలా వేలాడేసుకోకు. ఇటు జరుగు, తడుస్తున్నావు.”

“ఇన్నేళ్ళ సర్వీసులో మీమీద నిజంగా ఎవరూ పగబట్టలేదా?”

“పగా? ఎందుకులే ఇప్పుడు.”

“అంటే ఉంది!”

“వాన తగ్గినట్టుంది, పద.”

“తగ్గలేదు. చెప్పండి మామయ్యా, నా మీద ఒట్టు.”

“ఒకడుండేవాడు. దొంగ సంతకాల్లో అందెవేసిన చెయ్యి. జైలుకి పంపాను. కోర్టులోనే అరిచాడు, ‘నీకు కంటి మీద కునుకు లేకుండా చేస్తా, చూస్తూండు’ అని.”

“ఆగండాగండి, రాసుకుంటా. పెన్ను... ఆఁ. తర్వాత?”

“ఏడేళ్ళకి, నేను రిటైరయ్యాక, ఓ పొద్దున తలుపు కొట్టాడు.”

“చేతిలో?”

“సంచి.”

“సంచిలో? కత్తా?”

“కమలాపళ్ళు.”

“విషం ఎక్కించిన కమలాపళ్ళు!”

“మామూలువే. తియ్యగా ఉన్నాయి. కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, ‘మారిపోయాను సార్’ అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంట్లో అందరి క్షేమం అడిగాడు. అమ్మాయి ఏం చేస్తోందన్నాడు.”

“అబ్బ! ఒళ్ళు జలదరిస్తోంది. మీకు అనుమానం రాలేదా?”

“ముప్ఫై ఏళ్ళు అనుమానించడమే నా పని. ఆ ఒక్క పూటా మానేశాను. అక్కడే బోర్లాపడ్డాను.”

“మరి పగ తీర్చుకున్నాడా?”

“ఎందుకు తీర్చుకోలేదూ? కత్తి లేదు, తుపాకీ లేదు. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి, ‘మీ అమ్మాయికి నా ఎరికలో ఓ సంబంధం ఉంది సార్, కుర్రాడు బంగారం, సినిమాలకి కథలు రాస్తాడు’ అన్నాడు.”