పది నిమిషాలు వదిలిన నీళ్ళు

బడి వంటగదిలో, నీళ్ళ పరీక్షకు వచ్చినతను కుళాయి తిప్పి వదిలేసి గడియారం చూసుకుంటున్నాడు. వంటావిడ గరిటె పక్కన పెట్టి అతని దగ్గరికి వచ్చింది.

"సీసా పట్టకుండా నీళ్ళన్నీ పారబోస్తావేం బాబూ?"

"పది నిమిషాలు పోనిచ్చి పడతానమ్మా. శుభ్రమైన నీళ్ళొస్తాయి."

"శుభ్రమైనవే ఏరి పట్టేదానికి పరీక్ష దేనికి?"

"పోయినసారీ ఇలాగే పట్టాను. సీసం లీటరుకు పది మైక్రోగ్రాములు దాటకూడదు. మీకు రెండే వచ్చింది."

"నీళ్ళల్లో సీసం ఎక్కడిది?"

"పాత గొట్టాల్లోది. రాత్రంతా నిలవుంటే నీళ్ళల్లోకి దిగుతుంది."

"మరి పిల్లలు పొద్దున్నే వచ్చీరాగానే తాగేవి ఆ నిలవ నీళ్ళేగా! వాళ్ళూ నీలాగా గడియారం చూసుకుని తాగుతారా?"

అతను కుళాయి కట్టేశాడు.

"ఇలా పట్టమని ఎవరు చెప్పారు?"

"మా పైవాళ్ళు. లెక్క పది దాటితే గొట్టాలన్నీ మార్చాలిగా."

"నిజం చెప్పు. ఆ రెండన్న లెక్క నిజమేనా?"

"నిజమేనమ్మా. పారబోశాక వచ్చిన నీళ్ళకి."

"అంటే తెలిసే చేశావు."

"రేపు ఎవరూ కుళాయి ముట్టకముందే వస్తాను. మొదటి నీళ్ళే పడతాను."

"నిన్నెలా నమ్మను? నీ పక్కనే నిలబడతాను."

"నిలబడండి. అందాకా పిల్లల్ని మాత్రం ఇవి తాగనివ్వకండి."

నాలుగు రోజుల తర్వాత అతనే ఒక కాగితం తెచ్చి వంటగది తలుపుకు అంటించాడు.

"ఎంతొచ్చింది?"

"నలభై ఒకటి."

"మీ పైవాళ్ళు ఊరుకున్నారా?"

"వాళ్ళకింకా చూపించలేదమ్మా. ముందు పిల్లల అమ్మానాన్నల్ని చదవనివ్వండి."