మూడు చక్రాల బండి రేవు దాటిన రోజు

హలో… ఆ, నేనేరా శ్యాంబాబూ, మీ బావని. చెప్పు.

లేదురా, పడుకోలేదు. ఫోను మోగడం వింటూనే ఉన్నాను. అరుగు మీంచి లేచి, కర్రలు వెతుక్కుని, ఒంటికాలి మీద ఇక్కడిదాకా రావద్దూ? నీకేం, కాకినాడలో కూర్చుని నంబరు నొక్కుతావు.

అక్క లేదు. చర్చికెళ్ళింది… ఆదివారం కాదులే, నాకూ తెలుసు. పాస్టరుగారితో మాట్లాడే పని పడింది. చెబుతాను ఉండు.

బండా…

బండికేం. మహారాజులా ఉంది. నువ్వు చేసిన బండికి వంకపెట్టే మొనగాడెవడున్నాడు.

వెటకారం కాదురా, నిజమే చెబుతున్నా. వెనక ఒక్క చక్రం తీసి రెండు పెట్టావు, కాలితో వేసే గేరు చేతికి తెచ్చావు. ఒక్క దెబ్బకే స్టార్టవుతోంది. నిన్న వీధి వీధంతా వచ్చి చూసింది. మీ అక్కయితే కళ్ళనీళ్ళు కారుస్తూ ప్రార్థన కూడా చేసింది దాని మీద చెయ్యేసి.

మలుపులా… అక్కడే వచ్చింది తంటా. ఇన్నేళ్ళు రెండు చక్రాల మీద తిరిగిన ఒళ్ళు కదా ఇది. మలుపొస్తే దానంతటదే పక్కకి వాలిపోతుంది. బండి వాలదు. నేను కుడికి వంగితే అది తిన్నగా పంటకాలవలోకి పోతానంటుంది. హ్యాండిలు గట్టిగా తిప్పమన్నావు, బుర్రకి తెలుసు. ఒళ్ళు వినదే.

ఆ, అదీ అయింది. ఆపగానే కాలు కింద పెట్టేశాను, అలవాటు. ఉన్న ఒక్క కాలి మీదకీ వెనక చక్రం ఎక్కబోయింది. మీ అక్క కేకేసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే షుగరు ఒకటి తీసుకుంటే నీ బండి ఇంకోటి తీసుకునేది.

నవ్వకు.

నవ్వకురా అంటుంటే.

…వెళ్ళాను. గోదారి దాటి లంకకే వెళ్ళాను, ఇవాళ పొద్దున్న. ఉండు, అప్పుడే సంబరపడిపోకు.

నేను చెప్పేది విను. మధ్యలో మాట్లాడితే నా వల్ల కాదు.

ఈ బండి నేనెందుకు చేయించుకున్నాను? రావులపాలెం సెంటర్లో షికారు తిరగడానికా? లంకకి వెళ్ళడానికేగా. చదువుకున్న డాక్టర్ని కాకపోయినా వాళ్ళకి డాక్టరంటే నేనే కదా. మోటారుసైకిలు పడవెక్కించుకుని, అవతల దిగి, ఇసకలో పడి ఇంటింటికీ తిరిగేవాణ్ణి. నా కాలు తీసేసిన దగ్గర్నించీ అక్కడ జ్వరమొస్తే సూదేసే దిక్కు లేదు. ఇంకొకణ్ణి చూసుకోండ్రా అంటే, ‘మీరొచ్చేదాకా ఆగుతాం డాక్టరుగారండి’ అంటారు. ఏం మనుషులో.

అదే చెబుతున్నా. మనిద్దరికీ తట్టనిది ఒకటుంది. బల్ల.

బల్లరా. పడవెక్కడానికి రేవులో వేస్తారే, ఆ బల్ల. మూరెడు వెడల్పు కూడా ఉండదు. రెండు చక్రాల బండిని ఇన్నాళ్ళూ దాని మీదే తోసుకుంటూ ఎక్కించాం. మూడు చక్రాలది ఎలా ఎక్కుతుంది? నా చెయ్యి కొలిచావు, కాలు కొలిచావు, సీటు ఎత్తు కొలిచావు. బల్ల సంగతి నీకూ తోచలేదు, నాకూ తోచలేదు. నేను రోజూ దాని మీద నడిచినవాణ్ణి, నాకైనా తోచాలి కదా.

నీ తప్పని ఎవరన్నారు? నీ తప్పు కాదు. నేనేం పోట్లాటకి కూర్చోలేదు.

బండి ఇక్కడ వదిలేసి నన్నొక్కణ్ణే తీసుకెళ్ళచ్చు. ఆ మాటే అన్నాడు చిట్టియ్య. లంకలో అరటితోట చిట్టియ్య, నీకు తెలుసుగా. ‘నా వీపునెక్కండి, ఏ ఇంటికి కావాలంటే ఆ ఇంటికి మోసుకెళ్తాను’ అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. నేనేమన్నా వడ్లబస్తానా అన్నాను. వస్తే బండి మీదే వస్తాను, లేకపోతే రాను అన్నాను.

…అన్నాను మరి. నా పొగరు నీకు కొత్తా?

దాంతో వాళ్ళేం చేశారంటే… పడవ తాతాజీ ఉన్నాడు చూడు, అతను చెప్పాడంట ఉపాయం. లంకకి ఉన్నవే రెండు పడవలు. రెండూ పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టేశారు. పైన తలుపులు పరిచారు.

ఇళ్ళ తలుపులేరా. ఊడదీసుకొచ్చారు. చిట్టియ్య వాళ్ళింటి తలుపు కూడా ఉంది అందులో. నీలం రంగు తలుపు, మీద సిలువ గుర్తు. దాని మీద చక్రం ఎక్కించమంటే నాకే మనసొప్పలేదు. ‘పర్లేదండి, ఎక్కించండి, వీరమ్మే ఇచ్చింది’ అన్నాడు.

వీరమ్మంటే అతని భార్య. కిందటేడు నువ్వొస్తే చక్కెరకేళీ గెల పంపించింది, ఆవిడే.

ఆ.

…చెబుతున్నా, విను.

లంకలో ఉన్న మగాళ్ళంతా ఈ ఒడ్డుకొచ్చేశారు, నా బండి ఎక్కించడానికి. ఒకడు పట్టండంటాడు, ఒకడు ఎత్తండంటాడు. పెళ్ళివారిలా గోల. నేను సీటు మీద కూర్చునే ఉన్నాను, దిగనన్నాను. నాకూ సరదాగానే ఉంది, అబద్ధమెందుకు. కాలు పోయాక నేను నవ్వింది ఇవాళేనేమో.

అవతలి ఒడ్డున ఆడవాళ్ళు కనిపించారు. గుంపుగా వచ్చి నిలబడ్డారు. చేతులూపుతున్నారు, పైటలూపుతున్నారు. ఏదో అరుస్తున్నారు కూడా. గాలి అటుంది, ఏమీ వినపడలేదు.

నాకోసమేననుకున్నాం. అందరం అలాగే అనుకున్నాం. డాక్టరుగారొస్తున్నారని ఆడాళ్ళు కూడా వచ్చేశారండి అన్నాడు తాతాజీ.

నేను చెయ్యూపానురా శ్యాంబాబూ.

…చెయ్యూపాను. ఒకసారి కాదు. ఊపుతూనే ఉన్నాను.

పాము. తోటలో గడ్డి కోస్తోందంట వీరమ్మ. తాచు కరిచింది. చెయ్యికి కట్టు కట్టి రేవుకి పట్టుకొచ్చారు ఆడవాళ్ళు. రేవులో పడవ లేదు. రెండు పడవలూ నా దగ్గరున్నాయి.

లేదురా, మాకెలా తెలుస్తుంది? తెలిస్తే నిలబడి సంబరం చూస్తామా? ఈతకొట్టి వచ్చి చెప్పేవాళ్ళెవరున్నారు అక్కడ? మగాళ్ళంతా ఇక్కడే. గోదారి నిండుగా ఉంది.

జంట పడవలు కదా, గెడ వేస్తే ఒకటి ముందుకీ ఒకటి పక్కకీ లాగుతోంది. నడుస్తున్నాయా నిలబడ్డాయా తెలియనట్టు వెళ్ళాం. సగంలోకి వచ్చాక ఏడుపు వినపడింది. అప్పుడు చిట్టియ్య గుర్తుపట్టాడు, వాళ్ళ చెల్లెలి గొంతు.

ఉంది. మేం వెళ్ళేసరికి ప్రాణముంది. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్ద ముద్దగా వస్తోంది. నన్ను చూసి… నన్ను చూసి చీర సర్దుకోబోయింది.

నా సంచిలో ఏముంటుందిరా? పాముకాటు మందు నా దగ్గరెక్కడిది? అది పెద్దాసుపత్రిలో ఉంటుంది. నేనక్కడ చెయ్యగలిగిందల్లా వెంటనే ఇవతలికి పంపెయ్యండి అని చెప్పడమే. చెప్పాను. కాని పడవ మీద నా బండుందిగా. అది దిగితేగాని ఆవిణ్ణి పడుకోబెట్టే చోటు లేదు.

ముందు చక్రం తలుపుకీ తలుపుకీ మధ్య దిగబడిపోయింది. లాగుతున్నారు. రావట్లేదు. గోదాట్లోకి తోసేయండ్రా అన్నాను. అరిచాను. ఒక్కడూ తొయ్యలేదు.

ఎందుకంటే డాక్టరుగారి బండి. అదీ వాళ్ళ లెక్క. చిట్టియ్య… పెళ్ళాం ఒడ్డున పోతోంటే చిట్టియ్య కూడా ‘గీత పడుద్ది, మెల్లిగా దింపండి’ అన్నాడురా. ఆ మనిషి నోటెంట ఆ మాటొచ్చింది. నేను విన్నాను. నా చేత్తో నేనే తోసేద్దామని చూశాను. ఒంటికాలితో దేన్ని తోస్తాను? నేనే పడ్డాను.

ఇసకలోకి ఎడ్లని తోలుకొచ్చి, తాడు కట్టి లాగారు. మెల్లిగానే లాగారు. గీత పడలేదు.

…

నేనూ ఆవిడతో తిరిగొచ్చాను. నన్నెత్తి పడవలో కూర్చోబెట్టింది చిట్టియ్యే. ఒక చేత్తో ఆవిణ్ణి, ఒక చేత్తో నన్ను. ఆ వేళ నాకు పొగరు గుర్తురాలేదు. పొద్దున్నే అలా ఎక్కి ఉంటే ఒక పడవతో అయిపోయేది. రెండోది అక్కడే ఉండేది.

నా ఒళ్ళోనే తల పెట్టుకుంది. ఊపిరి తీసుకో తల్లీ, తీసుకో అంటూనే ఉన్నాను. రేవులో ఆటో ఎక్కించాం. రావులపాలెం రాకుండానే…

ఊఁ.

మళ్ళీ ఆ పడవల మీదే లంకకి తీసుకెళ్ళిపోయారు. మీ అక్క వెళ్ళింది అందుకే. సమాధి కార్యక్రమం రేపు పొద్దున్న పెట్టమని పాస్టరుగారితో చెప్పడానికి.

ఒద్దురా, ఆ మాటలొద్దు. దేవుడి చిత్తం అని మీ అక్క కూడా అంది. దేవుడు నన్ను బండి మీదే రమ్మన్నాడా? నోరు మూసుకోమన్నాను. అప్పట్నించీ నాతో మాట్లాడలేదు.

ఎవరేమంటారు? ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు… ఒక్కడన్నా తిట్టుంటే బాగుండేది. చిట్టియ్య నాకు దండం పెట్టాడు తెలుసా? ‘మీరు రాబట్టి ఆఖర్న డాక్టరుగారి చేతుల్లో పోయిందండి’ అన్నాడు. ఏం చెయ్యమంటావు నన్ను?

బల్ల వెడల్పు చేయిస్తావా? ఇనప బల్లా? …ఒరే, నీకింకా అర్థం కాలేదా? నువ్వు బంగారంతో చేసినా నేను వెళ్ళను. ఆ చక్రాలు ఊడదీసి పట్టుకుపో. మళ్ళీ రెండు చక్రాలు పెట్టి ఎవరికన్నా ఇచ్చెయ్యి. నాకు వద్దు.

మరి లంకకి ఎవరొస్తారంటే నేనేం చెప్పను? ఎవరూ రారు. నాలాంటివాడు ఇంకొకడు దొరికేదాకా ఎవరూ రారు. నేనూ వెళ్ళను. అంతే. ఇంకేం లేదు.

నువ్వు ఏడవకు. బాగా చేశావు బండి. చెబుతున్నాగా, బాగానే చేశావు.

…ఉండు.

వీధిలో ఎవరో వచ్చారు. ఉండు, ఫోను పెట్టెయ్యకు.

ఎవరూ… తాతాజీ? ఏంటిలా వచ్చావు? అక్కడ శవాన్ని పెట్టుకుని…

ఏం తెచ్చారు?

…బండి తెచ్చారంటరా శ్యాంబాబూ. ఇసక కడిగి తెచ్చారు. వాకిట్లో పెడుతున్నారు.

ఎందుకు తెచ్చారయ్యా? నేనడిగానా? …రేపా? రేపు నేను… ఆ, వినపడింది. నేను రాకుండా మట్టి ఎలా చేస్తాం అన్నాడా చిట్టియ్య? …సరే, వస్తానని చెప్పు.

బండి మీద రాను. నన్నొక్కణ్ణే తీసుకెళ్ళండి… ఎందుకు కుదరదు?

…ఏవి కట్టున్నాయి?

రెండు పడవలూనా? నా బండి కోసం ఇప్పటికీనా?

తాతాజీ, మరి అక్కడ… లంకలో ఇప్పుడు ఎవరికన్నా ఏదన్నా అయితే? రెండూ ఈ ఒడ్డున కట్టేసి ఉంటే?

కూర్చోకు. మంచినీళ్ళు తర్వాత తాగుదువుగాని. పద, ముందు నువ్వు పద, నేనూ వస్తున్నాను. ఆ కర్ర ఇలా అందుకో.

శ్యాంబాబూ, పెట్టేస్తున్నాను. వీళ్ళింకా పడవలు విప్పలేదు.