టేకుమానులో గుండు

“మా అయ్య అడివిలో కమ్యూనిస్టులతో బతికే ఉన్నాడని కూర్మమ్మత్త కూలీల లైనిళ్లన్నిటా సెప్తంది మావా.”

“ఆ మాటలొదిలేయ్. రంపం లాగు.”

మలయాకు స్వాతంత్ర్యం వచ్చే మెర్డేకా పండుగ వేదిక కోసం కెడా ఎస్టేటులో టేకుదుంగ కోస్తున్న ఆ ఇద్దరి రంపం దేనికో తగిలి కీచుమంది. కోసిన పలక విడదీసి చూశారు.

“తుపాకీ గుండు మావా! దీనికీ బెరడుకీ మద్దెన ఆరు గీతలున్నాయి, ఏడాదికొకటి.”

“అయితే ఏటి?”

“గుండు దిగిన గీత దారమంత సన్నం. వానల్లేక మాను పెరగని ఏడు అదొక్కటే. ఆ ఏడే కమ్యూనిస్టోడని ఎస్టేటు గార్డులు అయ్యని ఈ మానుకి కట్టి, రగతం కక్కేలా కొట్టినారు. కట్లు తెంపుకుని పారిపోనాడని నువ్వే సెప్పినావు.”

“సెప్పినాను.”

“మరి ఈ గుండు ఎవుడు పేల్చినాడు?”

“నేనే. తుపాకీ నా సేతికిచ్చి, పేల్చకపోతే నీ అయ్య బదులు నిన్ను కడతామన్నారు.”