ఇందు చేతి ముద్ద

(మన్సూరాబాద్‌లో ఇందు ఫ్లాట్. ఊరెళ్లేవాళ్ల పెంపుడు కుక్కలను ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం ఆమె పని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి లలితమ్మ, అలవాటు కోసం రోజూ కాసేపు వదిలి తీసుకెళ్తున్న తన కుక్కపిల్లను మళ్లీ తీసుకొచ్చింది.)

“ఉతకని చీర తెమ్మన్నాను కదా పిన్నిగారూ.”

“తెచ్చిన బిడ్డా. మంచి పోచంపల్లి చీర.”

“ఇది ఉతికిందండీ. గంజి కూడా పెట్టారు.”

“మరి విడిచిన చీర పరాయోళ్ల ఇంటికి ఎట్ల తెస్తరు? ఇజ్జత్ ఉండాలె గద.”

“మీ వాసన ఉంటే దీనికి ధైర్యంగా ఉంటుందని అడిగానండీ. చూడండి, సబ్బు వాసనకి తుమ్ముతోంది.”

“తుమ్మకే కండే. అక్క ఏమనుకుంటది.”

“కండె అంటే ఏంటసలు?”

“మగ్గం కాడ నూలు చుట్టే పుల్ల. తెచ్చిన కొత్తల ఇల్లంత గట్లనే దొర్లుతుండె.”

“బాగుంది. చూడండి, శుక్రవారం మీకు మోకాలి ఆపరేషన్. ఆలోపు ఇది నా చేత్తో ఒక్క ముద్దైనా తినాలి. లేకపోతే నేను ఉంచుకోలేను. పస్తు పడుకునే పిల్లని పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు.”

“తినకుంటే తీస్కపోత. ఏం జేస్తం.”

“మరి ఆపరేషనో?”

“అదేముంది, ఇంకోపారి చేస్తరు.”

“ఏ మోకాలికి?”

“ఎడమది. అంటే, రెండు.”

“రెండూనా? లిఫ్ట్ పనిచేయట్లేదు కదా, దీన్నెత్తుకుని మూడో అంతస్తుకి ఎలా ఎక్కారు?”

“మెల్లగ ఎక్కిన. అగో చూడు, నీ కాలు నాకుతుంది.”

“నాకుతుంది, ఆడుతుంది, ఒళ్లో పడుకుంటుంది. అన్నం పెడితేనే మొహం తిప్పేస్తుంది. ఇటు రావే. మూతికి ఇదేంటి?”

“ఏది?”

“పెరుగన్నం. మెతుకు కూడా ఉంది.”

“పొద్దుగాలదేమో.”

“తడిగా ఉందండీ.”

“ఆటోల జరంత పెట్టిన.”

“నిన్న?”

“నిన్న గూడ. ఎల్బీనగర్ సిగ్నల్ కాడ ఆటో మస్తుసేపు ఆగింది, ఊకె ఉండలేక.”

“మొన్న?”

“మొన్న మీ మెట్ల మీద.”

“ఆకలితో తెస్తేనే కొత్త చేతికి అలవాటవుతుందని చెప్పానుగా.”

“చెప్పినవు.”

“మరెందుకు పెట్టారు?”

“నువ్వు వద్దంటవని.”

“వద్దనకూడదనే కదా నా తంటా అంతా.”

“నువ్వు వద్దంటే మా హరీష్‌తోటి చెప్పొచ్చు. ఆ పిల్ల ఉంచుకోనన్నది కొడుకా, నేనేం జేయాలె, అని.”

“ఆపరేషన్ మీకైతే ఆయనకి సంజాయిషీ ఏంటండీ? సర్లే, డబ్బాలో ఇంకా మిగిలిందా అన్నం?”

“ఒక్క ముద్ద ఉంటది.”

“ఇవ్వండి. మీరు అటు తిరగండి. మిమ్మల్నే చూస్తోంది.”

“తిరిగిన.”

“రా కండే. రామ్మా.”

“తిన్నదా?”

“ష్.”

“తిన్నదా బిడ్డా?”

“తింది. వేళ్లు కూడా నాకుతోంది.”

“అంత జల్దీనా.”

“సంతోషపడాలి పిన్నిగారూ.”

“సంతోషమే. తల్లి కాడి నుంచి తెచ్చిన దినమే నా చేతిల గూడ గిట్లనే తిన్నది. ఆ తల్లి ఆటో ఎనక ఎంత దూరం ఉరికిందో. నేనేమో, తిన్నదని మురిసిన.”

“అన్నీ అలాగే పెరుగుతాయండీ. ఆ సంచి ఇటివ్వండి, సర్దేస్తాను. గిన్నె, గొలుసు, టీకాల కార్డు... స్వెట్టరా? ఎండాకాలంలోనా?”

“ఉండనీ. చలి పెడితే.”

“మీరు పది రోజుల్లో తీసుకెళ్తారుగా.”

“ఉండనీ బిడ్డా, స్వెట్టరేం తింటది, మూలకు పడుంటది.”

“సరే. తింది కాబట్టి ఇవాళ్టి నుంచి ఇక్కడే ఉంటుంది, మీరిక బయల్దేరండి. నిన్నటిలా చెప్పకుండా జారుకోవద్దు. తల నిమిరి, వెళ్లొస్తానని చెప్పండి. ఆ మాటంటే మనిషి తిరిగొస్తుందని దానికి తెలుస్తుంది.”

“చెప్పకుంటే ఏమైతది?”

“గుమ్మం దగ్గరే కూర్చుంటుంది.”

“ఎంతసేపు?”

“మీరొచ్చేదాకా. చెప్పండి పిన్నిగారూ. మీ మొహమే చూస్తోంది.”

“ఆపరేషన్ లేదు, ఏం లేదు బిడ్డా. శుక్రవారం ఇల్లు మారుతున్నం, ఆ ఓనరు కుక్కలొద్దన్నడు. మళ్ల తీస్కపోనీకి ఎవ్వరం రాము. నీకైతే అబద్ధం చెప్పిన, దీనికి ఎట్ల చెప్పాలె, పోయొస్త అని?”