పుల్ల నారింజలు దొరకని రోజు

"మీ తమ్ముణ్ని పుల్ల నారింజలు తెమ్మంటే తియ్యవి తెచ్చాడు వదినా. పుట్టి పెరిగింది ఈ మెరిదాలోనే, ఆ రెండింటికీ తేడా తెలీదు!"

తమ్ముడి భార్య నిదియా మాటకి, కోడికి పట్టించడానికి అచియోతే గింజలు ఎర్రటి ముద్దగా నూరి పెట్టుకున్న సొకోర్రో తల పట్టుకుంది. సాయంత్రం ఆమె కూతురికి కాబోయే అత్తగారు భోజనానికి వస్తోంది.

"ఇప్పుడు కోడిని దేంట్లో నానబెట్టను నిదియా? పరువు పోయినట్టే."

"ఈ తియ్య నారింజల రసంలోనే కాస్త వెనిగర్ కలుపుదాం."

"వెనిగరా! మీ ఉత్తర మెక్సికో వాళ్ళకి మాంసం కాల్చడం తప్ప వంటేం తెలుసు? ఆవిడ మొదటి ముద్దకే పట్టేస్తుంది."

"పట్టేస్తే నామీదకి నెట్టెయ్యండి. మీకు అలవాటేగా."

"కబుర్లాపి, కోడిని చుట్టే అరిటాకులు మెత్తబడేలా సెగకి చూపించు. చిరిగాయంటే పులుసంతా పొయ్యిలోకే."

సాయంత్రం కాబోయే వియ్యపురాలు అరిటాకు పొట్లం విప్పి తిని, మళ్ళీ వడ్డించుకుంది.

"అచ్చం మా అమ్మ చేతి పులుపు! ఏ చెట్టు నారింజలండీ?"

'మా పెరటివే' అనబోయి సొకోర్రో మరదలి వైపు చూసింది. నిదియా పళ్ళెంలోకి తలొంచుకుని నవ్వాపుకుంటోంది.

"చెట్టూ లేదు, చేమా లేదు వదినగారూ. అది మా మరదలు పోయించిన వెనిగర్. వద్దని పొద్దున్న దాన్ని నానా మాటలూ అన్నాను. తప్పు నాదే."