బొత్తాం కన్న ముగ్గురు

తేదీ ఎందుకు గుర్తుండదురా? పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు, నవంబరు పదకొండు, సోమవారం. పొద్దుట్నుంచీ ముసురు, మధ్యాహ్నానికి ఒక్కసారిగా ఎండ కాసింది. ఆ ఎండ చూసే కదా బొత్తాం వెళ్లి రోడ్డు మీద పడుకుంది! బొత్తాం అంటే మా పెద్దమ్మ పెంచుకున్న కుక్క. పెద్దమ్మ నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయింది. బట్టలు కుట్టేది. నేను బీయే చదువుతూ ఆవిడ కొట్టు వెనక గదిలో ఉండేవాణ్ణి. చదివానా అంటే, అదో పెద్ద కథ, వదిలెయ్. ఆ ముందటేడు బొత్తాం బొచ్చంతా ఊడిపోయి, ఎముకల గూడులా మెట్ల మీద పడుంటే పెద్దమ్మే తెచ్చి బతికించింది దాన్ని. ఇంటిగలాయనకి ఒళ్లు మంట. రోజూ గుమ్మంలో నిలబడి, "ఏవమ్మా, కొట్టు అద్దెకిచ్చింది నీకా, దానికా?" అనేవాడు. "దానికేనండీ, నేను దాని దగ్గర పనిచేస్తున్నా" అనేది ఈవిడ.

ఆ రోజు పాలవ్యాను వెనక్కి వస్తూ దాని మీదకెక్కేసింది. అది నిండు కడుపుతో ఉంది. పెద్దమ్మ బల్ల మీదున్న కోటుగుడ్డ లాగి, దాన్ని చుట్టబెట్టి, "ఒరేయ్ బీయే, బండి పిలవరా!" అని ఒకటే కేక. గుడ్డ ఎవరిదనుకున్నావ్? ఇంటిగలాయనదే! పశువుల డాక్టరు పాపం చెయ్యాల్సిందంతా చేశాడు. సూదులిచ్చాడు, సెలైను పెట్టాడు, సీసా నేనే ఎత్తి పట్టుకున్నా. చివరికి, "అమ్మా, తల్లి దక్కదు. కడుపు కోసి పిల్లల్ని తీస్తాను, అవి కూడా బతుకుతాయని చెప్పలేను" అన్నాడు. పెద్దమ్మ దాని చెవి నిమురుతూనే, "తీయండి, అవి బతుకుతాయో లేదో నేను చూసుకుంటా" అంది. ముగ్గురొచ్చారు. బొత్తాం పోయింది.

కొట్టుకొచ్చి, టేపు తీసి దాన్ని కొలిచింది. పాతిపెట్టడానికి మెత్తటి గుడ్డతో సంచీ కుట్టింది. తిరగేసి చూసుకుంది. పిల్లల బట్టలకి లోపల కాస్త గుడ్డ మడిచి వదుల్తారు చూడు, పెరిగాక విప్పుకోవడానికి? అలవాటు కొద్దీ దానికీ వదిలింది. "ఇదింక పెరగదు కదరా" అంది. ఆవిడ ఏడవగా నేను చూసింది అదొక్కసారే. విప్పేద్దామా అంటే, "ఉండనీ" అంది.

ఇక ఆ మూడింటినీ చావనిస్తుందా! కోటు భుజాల్లో పెట్టే దూది అట్టపెట్టెలో పరిచి, ఇస్త్రీ బల్ల కింద పెట్టింది. ఇస్త్రీ చేసిన గుడ్డలు వెచ్చగా ఉండగానే కప్పేది, చల్లారితే మార్చేది. నా పెన్నులో సిరా పోసుకునే ఫిల్లరు కడిగి దాంతోనే పాలు. పరీక్షలు పెన్సిలుతో రాయమంది మహాతల్లి! నెల తిరిగాక డాక్టరొచ్చి, "ఇంకా ఉన్నాయా!" అన్నాడు. "ఉన్నాయా ఏవిటి, మీ పంచె పట్టుకుని లాగుతుంటే!" అంది. వీధి వీధంతా నవ్వు. ఆ రోజు మా పెద్దమ్మ నడక చూడాల్సింది, రాజ్యం గెలిచొచ్చినట్టు!

తల్లి వంకర చెవి పెద్దదానికొచ్చింది, దాన్ని డాక్టరే ఎత్తుకుపోయాడు. తల్లి గొంతు నడిమిదానికొచ్చింది. దాన్ని ఎవరికిచ్చిందంటావ్? పాలవ్యాను డ్రైవరుకి. రోజూ వచ్చి గుమ్మం బయట తలొంచుకుని నిలబడేవాడులే. చిన్నదానికి తల్లి చోటు దక్కింది, కొట్లోనే ఉండిపోయింది. ఆఖర్న ఇంటిగలాయనా వచ్చాడు, మనవరాలికి ఓ పిల్ల కావాలని. చిన్నది ఒళ్లో గుర్రుపెట్టి నిద్రపోతుంటే పెద్దమ్మ తలెత్తకుండా, "అయిపోయాయండీ" అంది. బొత్తాం ఆస్తిలో ఆయనకేమీ రాలేదు.