ఇద్దరి ఒంటె

ఇమాంబీ అని ఒకామె ఉండేదంట. ఇమాంబీ అనుకోండి, ఏదో ఒక పేరు ఉండాల గదా. దూదేకులామె, వినుకొండ పక్క పల్లె. మొగుడు పోయేనాటికి కొడుక్కి ఆరేళ్ళు. పరుపులు కుట్టి పెంచిందంట వాణ్ణి. పగలు మిషన్ దగ్గర దూది ఏకేది, పొద్దుగూకితే కుట్టుకి కూర్చునేది, పిల్లోణ్ణి పక్కలో ఏసుకుని పడుకునేది. ఆ దారం ఇట్టా ఇయ్యి అమ్మాయ్, పొట్టిదైనా పర్లా. వాడి పేరు మౌలాలి. పెద్దోడయ్యాడు, వినుకొండలో సెల్లుల కొట్లో పనికి కుదిరాడు, పెళ్ళయింది. కోడలు గౌసియా, నరసరావుపేట పిల్ల. డిగ్రీ చదివింది, ఉర్దూ హిందీ గడగడా మాట్లాడిద్ది. మనమేమో సాయిబులమన్న మాటేగానీ సలాం అనడం తప్ప ఉర్దూ ముక్క రాదాయె. సరే, ఇల్లు చూస్తే ఒకటే గది, ముందు కాస్త వసారా. వసారా నిండా దూది మూటలు. అందుకని ఏం చేసిందంటే, గదికి అడ్డంగా తాడు కట్టి పాత బొంత ఒకటి ఏలాడేసింది. అవతల వాళ్ళిద్దరూ, ఇవతల ఈమె. బొంత ఎంత మందమైనా గోడ కాదు గదా. ఈమె దగ్గితే వాళ్ళకి వినపడిద్ది, వాళ్ళు నవ్వితే ఈమెకి వినపడిద్ది. మొదట్లో నవ్వేవాళ్ళంట. తర్వాత మానేశారు. పక్కపక్కనే పడుకుని సెల్లులో రాసుకునేవాళ్ళంట మాటలు, ఈమెకి వినపడకూడదని. రెండేళ్ళు.

ఇంకొకటి చెప్పాల. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. కోడలు కాపరానికొచ్చిన ఏడాది అత్త తన చేత్తో ఇద్దరికి సరిపడా పెద్ద బొంత కుట్టియ్యాల. లోపల తన పెళ్ళిచీర ముక్క పెట్టి కుట్టాల. ఇమాంబీకి వాళ్ళత్త కుట్టిచ్చింది. ఇమాంబీ కుట్టిందా అంటే, రేపు కుడతా, పండగయినాక కుడతా, మంచి దూది రానీ, అంటా ఉండేదంట. ఊరంతటికీ కుట్టేది. కోడలికి తప్ప.

ఏమైందంటే, ఒకనాడు ఆ పిల్ల ఒక కాయితం పట్టుకొచ్చి అత్త ముందు కూర్చుంది. అత్తమ్మా, మేమిద్దరం జైసల్మేర్ పోదామనుకుంటున్నాం అంది. అదేడుందే అంటే, రాజస్థాన్‌లో, ఎడారిలో ఊరంట. ఊరి నడుమ గుట్ట మీద పసుపు రాతి కోట, ఎన్నో వందల ఏళ్ళనాటిది, ఇప్పటికీ జనం ఆ కోటలోనే కాపురాలుంటారంట. ఊరు దాటితే ఇసక గుట్టలు. సాయంత్రం పూట ఒంటెల మీద తీసకపోయి పొద్దు గుంకేది చూపిస్తారంట. పెళ్ళయ్యాక ఇద్దరం యాడికీ పోలేదు గదత్తమ్మా అంది. మూడు నెల్లు ఫోన్లు చేసిందంట ఆ పిల్ల, దీనికోసమే. సుమార్ ఖాన్ అని ఒకాయన తన ఇంట్లోనే గదులు అద్దెకిస్తాడంట. మీ ఇంట్లో మాంసం హలాలేనా, ఎవరు కోస్తారు, మందు తాగేవాళ్ళని రానిస్తారా, నమాజుకి చోటుందా, గదికి గడియ లోపల్నుంచి ఉందా. అన్నీ అడిగి, అన్నీ రాసుకుని, కాయితం చదివి వినిపించింది. ఆఖర్న ఒక మాట అడిగింది. అక్కడ చలి ఎక్కువంట అత్తమ్మా, మా ఇద్దరికీ ఒక బొంత కుట్టిస్తారా. చూద్దాంలే అందంట ఇమాంబీ.

ఆ వారమే, తెల్లారుజామున నమాజుకి లేచి ఉజూకని కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే బొంతకి అవతల నుంచి మాటలు వినపడ్డాయి. ఈమె లేవలేదనుకున్నట్టుంది ఆ పిల్ల. ఏవండీ, నాలుగు రోజులు మనవి, ఇంకేం అడగను అంటాంది. నాలుగు రోజులు మొగుడూ పెళ్ళాల్లాగా మాట్లాడుకుందాం. మాట్లాడుకోగలిగామా, ఈ ఇంట్లోనే ఉంటా, బొంత అడ్డమున్నా ఉంటా. అదీ కుదరకపోతే మా అమ్మ దగ్గరికి పోతా. మళ్ళీ రాను. వాడు ఊఁ అన్నాడంట. ఇమాంబీ చేతిలో చెంబు అట్టాగే ఉంది. ఆ పిల్ల అంత తేటగా చెప్పింది, ఉంటానని ముందు చెప్పింది, పోతానని తర్వాత చెప్పింది. ఈమె చెవికి మాత్రం పోతానన్న మాటే ఎక్కింది. వాణ్ణి తీసకపోయిద్ది, వేరు కాపురం పెట్టిద్ది, నేనొక్కదాన్నే దూదిలో కూర్చోవాల అనుకుంది.

ఇక మొదలుపెట్టింది. ఫోన్లో హలాలని చెబితే హలాలైపోయిద్దా అంది. మన ముల్లా కోసిందైతే నాకు తెలుసు, ఆ ఇసకలో ఎవడు కోస్తాడో, బిస్మిల్లా అంటాడో అనడో, నువ్వు చూశావా అంది. ఆయనా ముసల్మానే అత్తమ్మా అంది గౌసియా. పేరుకి అందరం ముసల్మానులమే అంది ఈమె. పోనీ నాలుగు రోజులు పప్పూ రొట్టే తింటాం అంది ఆ పిల్ల. నా కొడుకు ముక్క లేకుండా నాలుగు రోజులుండగలడా, నేనొచ్చి వండిపెడతా అంది. అప్పుడా పిల్ల మొగుడి వంక చూసిందంట. మీరు చెప్పండి అంది. వాడు సెల్లు చూసుకుంటా, అమ్మ కూడా వచ్చిద్దిలే, ఏమైంది, ఆమె మాత్రం ఏం చూసింది పాపం అన్నాడు. గౌసియా కాయితం నాలుగు మడతలు పెట్టింది. సరే అత్తమ్మా, మీకూ ఒక బొంత తెచ్చుకోండి అంది. పైకి మర్యాదగానే అంది. మూడు కుట్టిందంట ఇమాంబీ. మూడూ ఒంటి మనిషివి.

మూడు కిలోల ఉప్పుకండలు, ఎండబెట్టిన మేకమాంసమే, దూదిలో చుట్టి పెట్టుకుంది. కారప్పొడి. కరెంటు పొయ్యి ఒకటి, తీగ చుట్టలు ఎర్రగా కాలతాయే, అది. సికింద్రాబాదు, జోధ్‌పూర్, జైసల్మేర్. రైల్లో అందరి ముక్కులూ మా మూట మీదే. దిగేసరికి పొద్దున. కోట చూస్తే నిజంగానే పసుపు ముద్దలాగా ఉందంట. సుమార్ ఖాన్ స్టేషనుకే వచ్చాడు, పెద్ద తలపాగా, పెద్ద మీసం. ముగ్గుర్నీ చూసి లెక్క తప్పినట్టు నిలబడ్డాడు. తర్వాత తేరుకుని, మాజీ, మాజీ అంటా, మనం అమ్మా అన్నట్టే, మూట అందుకున్నాడు. ఇంటికి పొయ్యాక ఈమె గదిలో పొయ్యి పెట్టి కరెంటుకి తగిలించింది. ఠప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది. ఆ రోజు కొడుకూ కోడలూ కోట చూడ్డానికి పోవాల. కొడుకు నిచ్చెనెక్కి ఫ్యూజు ఏసుకుంటా కూర్చున్నాడు. కోడలు అరుగు మీద కూర్చుని కోట వంక చూస్తా ఉంది. కోట యాడికి పోయిద్దిలే రేపు చూడొచ్చు అంది ఇమాంబీ.

వాళ్ళింటి మాంసం ఈమె నమ్మడం లేదని సుమార్ ఖాన్‌కి తెలిసింది. మధ్యాన్నం ఒక కోడిని పట్టుకొచ్చాడు, కాళ్ళు కట్టి. మాజీ ముందు కూర్చుని, కిబ్లా వైపు, అదే మక్కా దిక్కుకి, తిప్పి, ఈమెకి వినపడేటట్టు బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని చెప్పి కోశాడు. చూశావు గదా మాజీ, ఇంక తింటావా అన్నాడంట. గౌసియా తెలుగులో చెప్పింది ఆ మాట. పెద్దాయన, చెయ్యి కడుక్కోకుండానే నిలబడ్డాడు జవాబు కోసం. ఈమె ఏమనాల? కడుపులో బాలేదు అంది. వాళ్ళావిడ సజ్జరొట్టెలు చేసి, ఆ కూర చేసి పళ్ళెం పంపితే మూత తియ్యకుండా తిప్పి పంపింది. కొడుకు ముందేమో ఉప్పుకండల కూర పెట్టింది. వాడు తిన్నాడు. వాడికి ఆ కోడికూర వాసన తగులుతానే ఉంది, నాకు తెలుసు.

రెండోనాడు ఒంటెలు. గౌసియా ఒంటె ఒకటే మాట్లాడింది, ఇద్దరికి. ఒంటె మీద ఇద్దరే పడతారు గదా, ముందొకరు, ఎనకొకరు. ఈమె కోసం ఇంకొకటి తోలుకొచ్చారు. ఒంటె లేచేటప్పుడు చూడాల, ముందు ఎనక్కి తోసిద్ది, తర్వాత ముందుకి కుక్కిద్ది. ఒక్కదాన్నే ఎక్కలేను, పడతా నాయనా, నాకు భయం అంది. నిజంగానే భయమేసింది, అది అబద్ధం కాదు. కొడుకు వచ్చి ఎనకాల కూర్చుని పట్టుకున్నాడు. రెండో ఒంటె మీద గౌసియా, ఒక్కతే. ఆ తోలేటాయన ఏదో అడిగాడు ఆ పిల్లని, నవ్వుతా. ఏమన్నాడే అంటే ఏం లేదత్తమ్మా అంది. ముందు ఆ పిల్ల ఒంటె, ఎనక మాది. పొద్దు గుంకేది చూశాం. బాగానే ఉంది. ఆ పిల్ల ఒక్కసారన్నా ఎనక్కి తిరిగి చూడలా. కొంగు మాత్రం గాలికి మా వైపు కొట్టుకుంటా ఉంది.

ఇక గది. గది ఒకటే. సుమార్ ఖాన్ పెళ్ళాం వచ్చి, మాజీ మా దగ్గర పడుకుంటుంది, నా మంచం పక్కన మంచం ఏశా అని సైగలు చేసి చెప్పింది. ఎవరో తెలియని ఇంట్లో నాకు నిద్ర పట్టదు అంది ఇమాంబీ. కింద పరిచారు. గోడ పక్కన కొడుకు, ఇటు చివర కోడలు, మధ్యలో ఈమె. మూడు బొంతలు. ఆ తలుపుకి గడియ ఉంది చూశారూ, లోపల్నుంచి ఉందా అని ఆ పిల్ల ఫోన్లో కనుక్కుందే, మంచి ఇత్తడి గడియ. నాలుగు రోజులూ ఆ గడియ ఏసింది ఇమాంబీయే.

కాదులే. నేనే ఏశా. ఇమాంబీ లేదు ఎవరూ లేరు. మీకు మొదట్నుంచీ తెలుసు, ఊరికే తలలూపుతా వింటున్నారు.

తిరిగి రైల్లో వస్తున్నాం. గుంటూరు దాటింది. నరసరావుపేట వస్తదనంగా గౌసియా లేచి తన సంచీ తీసుకుంది. ఏందే అన్నా. ఇక్కడ దిగుతానత్తమ్మా అంది. నేను తనకి కుట్టిన బొంత మడిచి నా పక్కన పెట్టింది. అప్పుడు చెప్పింది, ఆ ఒంటెలాయన ఏమన్నాడో. జంటకని ఒంటె మాట్లాడుకున్నారు గదా, జంట ఎవరు, అని అడిగాడంట. ఆ మాట చెప్పి, ఉప్పుకండలు బాగున్నాయత్తమ్మా, కడుపు నిండా తిన్నా, ఆకలి మాత్రం పోలా అంది. తిట్టలా. తిట్టినా బాగుండేది. రైలు ఆగింది, దిగింది. వీడు తలుపు దాకా పోయి నిలబడ్డాడు. దిగలా. వీణ్ణి ఏమనను, అట్టా పెంచింది నేనే. రైలు కదిలింది.

రెండు నెల్లయింది. గౌసియా వాళ్ళ నాయన పెద్దల్ని పిలిచాడు, ఖులా అడుగుతున్నారు, పిల్లకి విడుదల ఇచ్చెయ్యమని. వచ్చే శుక్రవారం కూర్చుంటారు. వీడు తింటున్నాడు, పనికి పోతున్నాడు, వస్తున్నాడు. మొన్నటిదాకా బొంతకి అవతల ఒక్కడే పడుకునేవాడు. దగ్గితే నాకు వినపడతానే ఉంటది.

ఇంకొక మాట. ఇది ఎవరికీ చెప్పలా. బయలుదేరక ముందే నేను మన ముల్లా దగ్గరికి పొయ్యా. అడిగా, ఆ ఊళ్ళో తినొచ్చా అని. పిచ్చిదానా, అక్కడ మనోళ్ళు బోలెడంతమంది, నిక్షేపంగా తిననియ్యి పిల్లల్ని అన్నాడు. విని ఇంటికొచ్చా. వచ్చి ఉప్పుకండలు ఎండబెట్టా. హలాలు ఏందో నాకు ఆ రోజే తెలుసు. మొగుడూ పెళ్ళాల మధ్య పడుకోవడం హలాలా అని ముల్లాని అడగలా. అడిగితే ఏం చెప్పేవాడో అదీ తెలుసు.

ఇందాక అడిగావు గదమ్మాయ్, ఇంత పెద్ద బొంత ఎవరికని. ఇద్దరికి. లోపల నా పెళ్ళిచీర ముక్క కోసి పెట్టా. అడ్డం కట్టిన బొంత నిన్న తీసేశా. రేపట్నుంచి నా మంచం వసారాలో, దూది మూటల్లో. గురువారం వీణ్ణి ఈ బొంత ఇచ్చి నరసరావుపేట పంపుతా, ఒక్కణ్ణే. నువ్వూ రా అమ్మా అంటున్నాడు వాడు. విన్నారా, ఇప్పటికీ అదే మాట. రానన్నా. ఆ పిల్ల పుచ్చుకుంటే పుచ్చుకుంటది, మొహాన కొడితే కొడతది, కొట్టే హక్కుంది. నేను మళ్ళా ఒంటె ఎక్కను. ఇంకా ఒక మూల కుట్టాల, ఆ సూది ఇట్టా ఇయ్యి.